తెల్లరాళ్ళ నడుమ వెదురు

మా అపార్ట్‌మెంటుకు రంగులు వేస్తున్నారు. కరీంనగర్‌లో ఇప్పుడందరూ ఇనుప పైపులతో పరంజా కడుతున్నారు గానీ, మా సెక్రటరీ పొదుపు మనిషి. ఎక్కడి నుంచో పాత వెదురు బొంగులు తెప్పించి నా గది కిటికీ పక్కనే నిలబెట్టించాడు. మధ్యాహ్నం పనివాళ్ళు అన్నాలకు దిగిపోయాక, గాలి అంతగా లేకపోయినా, తాళ్ళతో కట్టిన ఆ బొంగులు ఒకదాన్నొకటి రాసుకుని కిర్రుమన్నాయి. కాసేపు ఆగి మళ్ళీ కిర్రుమన్నాయి. నేను చేతిలో పేపరు పక్కన పెట్టి వంటింట్లోకి పోయి కూర్చున్నాను. "ఏమైందత్తమ్మా, లొల్లి అయితుందా?" అని కోడలు అడిగింది. లొల్లి కాదు, ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. దాన్ని మొదటిసారి విన్నప్పుడు నేను కొత్త పెళ్ళికూతుర్ని. పక్కన మా ఆయన ఉన్నారు, చుట్టూ ఎంత దూరం చెవి పెట్టినా మరో చప్పుడు లేదు.

మాది ధర్మపురి. గోదావరి ఒడ్డున గుడి గంటలూ, యాత్రికుల కేకలూ, పిండప్రదానాల బేరాలూ వింటూ పెరిగినదాన్ని. నిశ్శబ్దం ఎలా ఉంటుందో పెళ్ళయ్యాకే తెలిసింది. కరీంనగర్ సంబంధం, పిల్లవాడు హైదరాబాదులో వృక్షశాస్త్రం చదివి పరిశోధన చేస్తున్నాడు అన్నారు. మా బాపు అదేదో తహసీల్దారు లాంటి హోదా అనుకుని సంబరపడ్డాడు. అల్లుడు చేసేది చెట్ల వెంట తిరిగి కొలవడమని తెలిసి కొన్నాళ్ళు పరేషానయ్యాడు. మా కాపురం ఉట్నూరు దాటాక జైనూరు వైపు అడవిలో పెట్టాం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఆ అడవుల్లో వెదురును సర్కారు ఒక కాగితం మిల్లుకు కౌలుకిచ్చింది. ఆ మిల్లు ఇప్పుడు లేదు, దాని పేరూ ఎవరికీ గుర్తులేదు. మిల్లువాళ్ళు కొడుతున్న తీరున కొడితే వెదురు పొద మళ్ళీ మొలకెత్తుతుందా, లేక చచ్చిపోతుందా అని సర్కారుకు సందేహం వచ్చింది. తేల్చమని యూనివర్సిటీకి డబ్బిచ్చింది. యూనివర్సిటీ మా ఆయన్ని పంపింది.

పని ఏమిటో మా ఆయన నాకు వంటింట్లో గరిటెలు పేర్చి మరీ చూపించారు. అడవిలో కొంత జాగా గుర్తు పెట్టుకుంటారు. అందులో ప్రతి పొదనూ ముందుగా కొలుస్తారు. ఆ తర్వాత మిల్లు కూలీలు బయట ఎలా నరుకుతారో లోపల కూడా అచ్చం అలాగే నరికిస్తారు. వానాకాలంలో ఎన్ని మొలకలు వచ్చాయో చూస్తారు. మొలకలు బాగా వస్తే పక్కనున్న గుట్ట కూడా మిల్లుకు ఇస్తారు, రాకపోతే ఇవ్వరు. "ఇంతేనా? దీనికి ఎమ్మెస్సీ ఎందుకు?" అన్నాను. ఆయన నవ్వి, "నరికేదాకా ఆగే ఓపిక కోసం" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో ఉన్న గర్వం నాకు ఎంతో నచ్చింది.

సర్కారు డబ్బిస్తానంది గానీ, అది హైదరాబాదు నుంచి ఎడ్లబండి మీద బయల్దేరినట్టు వచ్చేది. వచ్చేలోపల మేము తినాలి, తిరగాలి. మిల్లు తరఫున అక్కడ ఒక ఆఫీసరు ఉండేవాడు. తెల్లబట్టలు వేసుకుని, అడవిలో తిరుగుతూ కూడా బూట్లకు మట్టి అంటకుండా నడిచే మనిషి. ఆయన చెడ్డవాడని ఎవరైనా అంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను. మిల్లు పెంకుటిల్లు మాకు ఇప్పించింది ఆయనే. మా ఆయన ఎండలో నడుస్తుంటే చూడలేక జీపు పంపింది ఆయనే. యూనివర్సిటీ పంపుతామన్న మైక్రోస్కోపు రాకముందే మిల్లు మైక్రోస్కోపు వచ్చి మా బల్ల మీద కూర్చుంది. రాసుకోవడానికి కాగితాల కట్టలైతే చెదలు పట్టేంతగా ఇచ్చారు. మా ఆయనకు డాక్టరేటు రావడానికి ఇంకా చాలా దూరం ఉండగానే, ఆఫీసరు మొదటి రోజు నుంచే "డాక్టర్ సాబ్" అని పిలిచేవాడు. "మీరు మీ పని చూసుకోండ్రి డాక్టర్ సాబ్, మిగిలిందాని ఫికర్ మాకు ఇడిసిపెట్టుండ్రి" అనేవాడు. ఫలానాది రాయండి, ఫలానాది రాయకండి అని ఏనాడూ అనలేదు. అని ఉంటే మా ఆయన ఆ రోజే జీపు వెనక్కి పంపేవారు. ఆయన రోషం అలాంటిది.

పక్కనున్న గుట్ట అన్నాను కదా, దాని కింద కొన్ని మేదరి కుటుంబాలు ఉండేవి. ఆ ఇళ్ళలోని ఒకామె దగ్గర నేను చాట కొన్నాను. ఆనాటి నుంచి ఆమె మా ఇంటికి వచ్చిపోయేది. నేను చాటలక్క అని పిలిచేదాన్ని. నాకంటే పదేళ్ళు పెద్ద. మాట్లాడుతున్నంతసేపూ చేతులు ఊరికే ఉండేవి కావు, మా అరుగు మీద కూర్చుని వెదురు చీలుస్తూ ఉండేది. ఎండిన బొంగు చీలిస్తే వంగదు, విరుగుతుంది. పచ్చి వెదురు దగ్గర్లో దొరికితేనే వాళ్ళకు తట్టలూ గంపలూ అల్లుకునే పని. ఆ పచ్చి వెదురు వాళ్ళకు ఆ గుట్ట మీద తప్ప మరోచోట లేదు. అందుకని ఆమె నన్ను వచ్చినప్పుడల్లా అడిగేది ఒకటే: "మా గుట్ట సంగతి సారు ఏమని రాస్తుండమ్మా?" ఇంకా రాయలేదు, వెదురే చెబుతుంది అనేదాన్ని. మా ఆయన దగ్గర నేర్చుకున్న మాట అది.

ఆయన ఎంచుకున్న ప్లాటు మా ఇంటికి కూతవేటు దూరంలో ఉండేది. నాలుగు మూలలా నాలుగు పెద్ద రాళ్ళు పాతించి సున్నం కొట్టించారు. మధ్యలో పొదలకు ఎర్రగుడ్డ పేలికలు కట్టారు. లోపల ప్రతి పొదనూ కొలిచారు. చలికాలంలో నరికింపు మొదలవుతుందనగా కరీంనగర్ నుంచి మా అత్తగారికి ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. ఇద్దరం వెళ్ళాం. వెళ్తూ వెళ్తూ మా ఆయన, తాను తిరిగొచ్చేదాకా ప్లాటులో గొడ్డలి పెట్టవద్దని ఆఫీసరుకు చెప్పారు. ఆఫీసరు కూలీల మేస్త్రికి చెప్పాడు. మా అత్తగారు కోలుకునే సరికి చలికాలం ముగిసిపోయింది.

మేము తిరిగొచ్చిన రోజు మలుపు దగ్గర జీపు ఆపమన్నారు మా ఆయన. దారి తప్పామనుకున్నాం. ఇదివరకు పైకి చూస్తే ఆకులు తప్ప ఆకాశం కనబడని చోట, ఆ కొస నుంచి ఈ కొస దాకా ఏమీ లేదు. నడుమెత్తున నరికిన మొదళ్ళు, వాటి మధ్య ఎండిన ఆకుల బూడిదరంగు. ఆ బోడి నేల మధ్యలో మా ప్లాటు ఒక్కటే నిలబడి ఉంది. నాలుగు వైపులా గీత గీసి కోసినట్టు, నలుచదరంగా, నల్లటి పచ్చగా ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే నాలుగు రాళ్ళకూ పసుపు పూసి ఉంది, కుంకుమ బొట్లు ఉన్నాయి. ఒక రాయి దగ్గర కోడి ఈకలు గాలికి కదులుతున్నాయి.

మేస్త్రిని పిలిపించారు. సరిహద్దు అవతల చాందా వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి. ఆ కూలీలకు ఒక ఆనవాయితీ ఉంది. కూపులో, అంటే ఆ ఏడు నరకడానికి కేటాయించిన అడవి ముక్కలో, నరకడం మొదలుపెట్టే ముందు ఒక పొదను దేవరకని వదిలేస్తారు. దానికి పసుపు కుంకుమ పెట్టి, కోడిని కోసి, ఆ తర్వాతే మిగతా అడవిలో గొడ్డలి ఎత్తుతారు. వదిలిన పొదను మళ్ళీ ముట్టరు. ఈసారి తెల్లరాళ్ళు పాతి, ఎర్రగుడ్డలు కట్టి, ముట్టవద్దని పైనుంచి చెప్పిన చోటు కనబడేసరికి, దేవర వంతును సర్కారే విడిచిపెట్టింది అనుకున్నారు. పైగా ఒక్క పొద కాదు, అన్ని పొదలు. పెద్ద దేవరే అయి ఉంటుందని పెద్ద కోడినే కోశారట. మా ఆయన పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. హైదరాబాదు వెళ్ళాక చెప్పుకోవడానికి మంచి కథ దొరికిందన్నారు. నరికే కాలం అయిపోయింది కాబట్టి ప్లాటును వచ్చే చలికాలం నరికిద్దామన్నారు. మేస్త్రి మాత్రం నవ్వలేదు.

వేసవి ముదిరాక నేను ఆ ప్లాటు వైపు వెళ్ళడం తగ్గించాను. ఎందుకో మొదట నాకే అర్థం కాలేదు. ఒక మిట్టమధ్యాహ్నం మా ఆయనకు మంచినీళ్ళు తీసుకెళ్ళి రాయి దగ్గర నిలబడ్డాను. ఆకు కదలడం లేదు. అయినా లోపల వెదురు కిర్రుమంటోంది. ఒకచోట కిర్రుమని ఆగితే మరోచోట జవాబు చెప్పినట్టు కిర్రుమంటోంది. తలెత్తి చూస్తే బొంగుల కొసల మీద కొండముచ్చులు వరసగా కూర్చుని ఉన్నాయి. అన్ని కోతులు ఒక్కచోట ఉండి అరవకపోవడం నేను అదివరకు ఎప్పుడూ చూడలేదు. వంగి చూస్తే మొదళ్ళ మధ్య చీకట్లో కళ్ళు కనబడ్డాయి. కుందేళ్ళవి కావచ్చు, అడవికోళ్ళవి కావచ్చు, ఇంకేవైనా కావచ్చు. నరికేసిన అడవిలోని ప్రాణులన్నీ నిలువ నీడ కోసం ఆ నాలుగు రాళ్ళ నడుమకు చేరాయి. ఒకదాన్నొకటి తినే జంతువులు కూడా అక్కడ పక్కపక్కనే ఒదిగి, ఊపిరి బిగబట్టుకుని ఉన్నాయి. ఇదంతా నాకు తెలుసు, కారణం తెలిసినంత మాత్రాన భయం పోదని కూడా ఆ రోజే తెలిసింది. చెంబు అక్కడే పెట్టి ఇంటికి వచ్చేశాను.

వానలు పడ్డాయి. ప్లాటులో మొలకలు తోసుకుని వచ్చాయి. బయట నరికిన మొదళ్ళ దగ్గర అక్కడక్కడా సన్నటి పుల్లల్లాంటివి లేచి, పశువులు మేసేస్తే మళ్ళీ లేవలేదు. మా ఆయన దిగులుగా తిరిగారు. చలికాలం రాగానే మేస్త్రిని పిలిచి ప్లాటు నరకమన్నారు. మేస్త్రి చేతులు జోడించి, "దేవరకు ఇడిసింది సాబ్. మేం గొడ్డలి పెట్టం" అన్నాడు. అది దేవర కాదని, తాను పాతించిన రాళ్ళని, సున్నం ఎక్కడ కొన్నదీ కూడా మా ఆయన చెప్పారు. మేస్త్రి ఓపిగ్గా విని, "మీరు పాతితే ఏమాయె సాబ్, అచ్చి కూసున్నది దేవర" అన్నాడు. వేరే ఊరి కూలీలను పిలిపిస్తే వాళ్ళు రాళ్ళ దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, పనిముట్లు సర్దుకుని వెళ్ళిపోయారు. ఆఫీసరు మాత్రం ఏమీ కంగారు పడలేదు. కూలీల నమ్మకాన్ని మనం ఎందుకు చెడగొట్టడం, ఉన్నదే రాయండి డాక్టర్ సాబ్, వెదురు ఎంత బాగుందో చూడండి అన్నాడు.

ఆ తర్వాత హైదరాబాదు నుంచి మా ఆయన గురువుగారు వచ్చారు, మిల్లు జీపులో. మా ఇంట్లో కోడికూర, వెదురు బియ్యంతో పరమాన్నం తిని, ప్లాటు అంచున నిలబడి "భేష్" అన్నారు. బయట నరికిన పొదల సంగతి కూడా రాద్దామని మా ఆయన నసిగితే, నరకకముందు కొలవని పొదలు లెక్కలోకి రావని, అది శాస్త్రం కాదని గురువుగారు చెప్పారు. ఆ నియమం మా ఆయన నాకు గరిటెలు పేర్చి చెప్పినదే. అది నిజమే. గురువుగారి విభాగానికి మిల్లు కొత్త ప్రయోగశాల కట్టిస్తోందన్న సంగతి కూడా నిజమే. ఆ రెండు నిజాలూ ఒకే జీపులో వచ్చాయి.

ఆ రోజుల్లోనే చాటలక్క ఒక కోడిపుంజును చంకలో పెట్టుకుని మా అరుగు ముందు ఆగింది. ఎక్కడికి అని అడిగాను. "గా దేవర పొద కాడికమ్మా. మా గుట్ట మాకు ఉంచుమని మొక్కిన" అంది. ఆ గుట్ట పోతే ఆ ప్లాటు వల్లే పోతుంది. అందులో పెరిగిన వెదురును చూపించే గుట్ట అడుగుతారు. ఆమె వెళ్ళి దాని కాళ్ళ మీదే పడుతోంది. కాస్త ఆగమన్నాను, మంచినీళ్ళు తాగమన్నాను. పుంజు నా వైపు ఒక కన్నుతో చూస్తూ ఉంది. ఆమె మాత్రం పొద్దెక్కకముందే మొక్కు తీర్చాలని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మా ఆయనతో పోట్లాడాను. ఎవరూ నరకకపోతే మీరే నరకండి, మీకూ రెండు చేతులున్నాయి కదా అన్నాను. మర్నాడు పొద్దున ఆయన గొడ్డలి పట్టుకుని బయల్దేరారు, నేనూ వెంట వెళ్ళాను. మంచి ఎండ కాస్తోంది. పసుపు రాయి దగ్గరికి వచ్చి ఆగారు. కిందికి చూసుకున్నారు. చెప్పులు విడిచారు. గుడికి వెళ్ళినా గుమ్మం బయటే నిలబడి వాచీ చూసుకునే మనిషి, ఆ రాయి దగ్గర చెప్పులు విడిచి, వాటిని జతగా సర్ది పెట్టి లోపలికి వెళ్ళారు. వెదురు ఆయన వెనక మూసుకుంది. నేను గొడ్డలి దెబ్బ కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను. పొదలను లెక్కపెడుతున్న ఆయన గొంతు సన్నగా వినిపించింది. కాసేపటికి అది కూడా ఆగిపోయింది. వెదురు కూడా కిర్రుమనడం మానేసింది.

బయటికి వచ్చారు. గొడ్డలి అంచుకు ఒక్క పచ్చి పీచు కూడా అంటలేదు. నా మొహం చూడకుండా చెప్పారు: "నేను లెక్కవెడ్తుంటే లోపట ఎవరో నాతోటి లెక్కవెడ్తున్నరే. నాకంటె ఒక్కటి ముందే ఉంటున్నరు."

"కొండముచ్చులేమో" అన్నాను.

"కొండముచ్చులు లెక్కవెడ్తయా?" అని చెప్పులు తొడుక్కున్నారు.

ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుని నాలుగడుగులు నడిచాక గానీ ఆయన చూసుకోలేదు, అది నటన కాదు. కానీ ఆ భయం ఆయనకు సరిగ్గా కావలసిన రోజునే వచ్చింది కదా అని ఇన్నేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. ఆఫీసరుకు లొంగడం ఆయనకు నామోషీ. గురువుగారి మాట కాదనడం సాధ్యం కాదు. దేవరకు భయపడటంలో నామోషీ లేదు. అలాగని ఊరికే అనేస్తే అన్యాయం, ఎందుకంటే ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆయన మెట్లు ఎక్కుతూ లెక్కపెట్టుకుంటూ మధ్యలో ఆగి, ఎవరో పక్కనున్నట్టు తల తిప్పి చూసేవారు. ఆయన మీద నాకు కోపం ఉంది. జాలి కూడా ఉంది. రెండూ కలిసే మేము కాపురం చేశాం.

రిపోర్టు మిల్లు ఇచ్చిన కాగితాల మీదే రాశారు. అందులో ఒక్క అబద్ధం లేదు. ప్లాటులో వెదురు ఎంత ఎత్తు పెరిగిందో, ఎంత దట్టంగా మొలిచిందో అంతా కొలిచినదే. ఆ ప్లాటును ఒక్కసారి కూడా నరకలేదు అన్న ముక్క మాత్రం లేదు. మా ఆయనకు డాక్టరేటు వచ్చింది, గురువుగారి కొత్త ప్రయోగశాలలో ఉద్యోగం వచ్చింది. మేము సామాను సర్దుకుని హైదరాబాదు వెళ్ళిపోయాం. గుట్ట మిల్లుకు వెళ్ళింది.

కొన్నేళ్ళకు ఉట్నూరులో మా దూరపు బంధువుల ఇంట్లో పెళ్ళికి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఆయన రానన్నారు. మిల్లు డిపో పక్కనుంచి వస్తుంటే, లారీలకు బొంగులు ఎత్తుతున్న ఆడవాళ్ళలో ఒకామె పనాపి, నా దగ్గరికి వచ్చింది. చాటలక్క. భుజం మీద గుడ్డ చుట్ట, దాని కింద చర్మం ఒరుసుకుపోయి ఉంది. "సారు మంచిగున్నడా అమ్మా?" అని అడిగింది. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. గుట్ట కింద ఇళ్ళు లేవట, తట్టలు అల్లే పని లేదట, అందరూ డిపోలోనే చేస్తున్నారట. "మేం పెట్టిన కోడి దేవరకు సాలలే" అంది, తప్పు తనదే అన్నట్టు. నేను ఇంక ఉండబట్టలేక ఉన్నదంతా చెప్పాను. అది దేవర కాదని, సున్నం కొట్టిన రాళ్ళని, గుట్ట పోయింది దానివల్లేనని, రాసింది మా ఆయనేనని చెప్పాను. ఆమె చివరిదాకా విని, చిన్నపిల్లను చూసినట్టు నన్ను చూసింది.

"గట్లనకమ్మా. గుట్ట కొట్టిండ్రు, అడవి కొట్టిండ్రు, మా ఇండ్లు గూడ ఇడువలే. గా పొద ఇప్పటికీ గట్లనే ఉన్నది. దేవర కాకుంటె, గంత పెద్ద కంపెనీ దాన్ని ఎందుకు ఇడిసిపెడ్తది?"

లారీ దగ్గర ఎవరో కేక వేశారు. ఆమె గుడ్డ చుట్ట భుజం మీద సర్దుకుని వెళ్ళిపోయింది. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది, నాకు ఎనభై దాటాయి. వయసు మీదపడేకొద్దీ పాత ప్రశ్నలు వాటంతటవే అరిగిపోతాయి అనుకున్నాను గానీ, ఆమెకు చెప్పవలసిన జవాబు కోసం నేను ఆ డిపో ముందే ఇంకా నిలబడి ఉన్నాను.